ఏడు కాళ్ళది

నాలుగు రోజులాయె
గ్రాఫు కాయితం బల్ల మీద పరిచి.
గడులన్నీ కడిగిన గిన్నెల్లెక్క ఉన్నయి.
ఎంగిలి పడ్డది ఒక్కటి లేదు.

కొత్తవాడల జంపఖానాలకు బొమ్మ గీసుడు నా పని.
ముప్పై ఏండ్ల సంది గీస్తున్న:
తోరణం, ఏనుగు, హంస,
మళ్ళ తోరణం.
ఎగ్జిబిషన్ల కొనెటోళ్ళకు
ఓరుగల్లంటే ఆ రాతి కంబాలేనాయె.
కండ్లు మూసుకొని గీస్త అని గొప్పలు వోయేదాన్ని.
మూసుకునే గీస్తున్ననని
ఈ మధ్యనే ఎరుకైంది.

సొసైటీ మొగిలి సారు ఫోన్ల ఒకటే పోరు:
"కొత్తది గావాలె సోమలక్ష్మీ, కొత్తది!"
యాడ దొరుకుతదో
ఆయనకూ తెల్వది, నాకూ తెల్వది.

ఐదో నాడు కరెంటు వోయింది.
ఉల్లిగడ్డల కోసమని
బాపు గుంట మగ్గం కాడికి వోయిన.
ఆయన వోయినంక అది మగ్గం గాదు,
ఉల్లిగడ్డల కొట్టు. రెండు విరిగిన గొడుగులు,
ఒక కుంటి స్టూలు.

ఎందుకు దిగిన్నో.
మోకాళ్ళు తిట్టినయి.
అయినా దిగి కూసున్న
ఏడేండ్లప్పుడు కూసున్న తీరుగ,
బాపు కాళ్ళుండే జాగకు ఆనుకొని.

గుంటలకెళ్ళి చూస్తే
లోకమంత నిలువు పోగులే ఉండేది.
ఆ సందులకెళ్ళి ఎండ
సన్నసన్నగ జారి
బాపు కాలి బొటనవేలు మీద పడేది.
ఆ వేలు తొక్కితే పైన ఎక్కడ్నో ఎరుపు పుట్టేది.
ఒక్కోసారి దాన్ని కొరికి చూసేదాన్ని
రంగు మారుతదేమోనని.

తెగిన నూలు ముక్కలు ఏరి
ఒక జంతువును చేసిన ఆ గుంటలనే.
ఏడు కాళ్ళు. తోక ముందర.
"ఇదేందే బిడ్డా?"
"నాకేం తెల్సు? ఇంకా పుట్టలే గద!"
బాపు నవ్వలే.
మగ్గం ఆపి, దాన్ని అరచేతిలకు తీసుకొని
"పుట్టినంక చెప్పు" అని మళ్ళ నాకే ఇచ్చిండు.

బడిల పలక మీద అదే గీస్తే
పంతులమ్మ మూడు కాళ్ళు తుడిచింది.
గాడిద మిగిలింది.
ఆమె తుడిచింది మూడే.
అటెన్క తుడిచినయన్నీ నేనే:
లెక్క తప్పుతదని,
నూలు వేస్టయితదని,
అత్త చూస్తదని,
అమ్ముడువోదని.

ఇంకోటి యాదికొచ్చింది.
అప్పుడు ఆజంజాహి మిల్లు సైరను మోగేది.
నాకు దానికో రంగుండేది.
నేరేడుపండ్లు తిన్న నాలికె రంగు, అంచుకు జరంత తుప్పు.
మోగంగనే గోడ మీద వేలుతో గీసేదాన్ని
పొడుగ్గ, ఊపిరి ఆగేదాంక.
మిల్లు మూతవడ్డంక
ఆ రంగు ముచ్చట ఎవ్వలకూ చెప్పలే.
అడిగినోళ్ళు గూడ లేరు.

చీకట్ల నా కాళ్ళు వాటంతటవే కదిలినయి
లేని చెక్కలను తొక్కుకుంట.
కుడి, ఎడమ, కుడి.
ఒక ఉల్లిగడ్డ దొర్లి మడిమకు తాకింది.
నవ్వొచ్చింది. ఎందుకో చెప్పను.

కరెంటొచ్చింది, నేను పైకి రాలే.
కాయితం, పెన్సిలు తెమ్మంటే
కోడలు వంగి అందించింది,
"బాగనే ఉన్నరా అత్తమ్మా?" అనుకుంట.

తెల్లారి మొగిలి సారు
గ్రాఫును తిప్పి తిప్పి చూసిండు.
"కాళ్ళ లెక్క తప్పినట్టుంది?"
"తప్పలే."
"అసలిదేంది?"
"ఇంకా పుట్టలే సారూ."
కొనెటోడెవడని గొణుక్కుంట వోయిండు.
వోనీ.

కాయితం మడిచి కొంగుల వెట్టుకొని
రంగుల యాకూబ్ భాయి షెడ్డుకు నడిచిన.
డెబ్బై ఏండ్ల మనిషి, మోచేతుల దాంక నీలం.
"ఏ రంగు గావాలె బేటీ?"
"మిల్లు సైరను రంగు."

ఎట్లుంటదని అడుగలే.
జరసేపు తల వారగ వెట్టి, ఎటో విని,
పొయ్యి ముట్టించిండు.